పెద్దవాగు పక్కన పచ్చపట్టీ

కరీంనగర్‌లో సంపత్ నడిపే ఆఫీసు చిన్నది. బట్టల షాపులకూ, ఫంక్షన్ హాళ్లకూ, విత్తనాల డీలర్లకూ అక్కడ వెబ్‌సైట్లు చేసిపెడతారు. మధులిక కాలేజీ అయిపోగానే అందులో చేరింది. పేజీలో ఏదైనా తప్పు దొర్లితే షాపాయన ఫోన్ చేసి నాలుగు మాటలంటాడు, సాయంత్రానికల్లా సరిచేస్తారు, మర్చిపోతారు. తాను రాసిన నాలుగు వరుసలు ఒక మనిషిని వరదనీళ్లలోకి దించగలవని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

ఆ పేజీ అడిగింది నర్మద. ఖానాపూర్ దగ్గర సర్కారు బడిలో టీచరు, మధులికకు వరసకు అక్క. ఆ వైపు ఊళ్లకు వానాకాలం వచ్చిందంటే ఎటు పోవాలన్నా ఏదో ఒక వాగు దాటాలి. ప్రతి ఏడూ ఎవరో ఒకరు 'ఏం గాదులే' అనుకుని బండి దించడం, తరవాత ఊరంతా గట్టు మీద నిలబడి ఏడవడం. చూసి చూసి నర్మద కొంతమందిని కూడగట్టి ఒక్కో వాగు దగ్గర ఒక్కొక్కరిని పెట్టింది. వాళ్లు నీళ్లు చూసి ఆమెకు చెప్తారు. ఆమె పేజీలో మారుస్తుంది. వాగు పేరుకు ఎదురుగా పచ్చపట్టీ ఉండి 'దాటొచ్చు' అని ఉంటే పోవచ్చు. ఎర్రపట్టీ ఉండి 'దాటొద్దు' అని ఉంటే ఆగాలి. చదువు వచ్చినవాళ్లకు అక్షరం, రానివాళ్లకు రంగు.

మధులిక ఆ పేజీని ఇష్టపడి చేసింది. వాగుల పేర్లన్నీ ఎడమవైపు ఒక నిలువు వరుసలో పెట్టింది, పట్టీలన్నీ కుడివైపు మరో నిలువు వరుసలో. చిన్న ఫోన్‌కు ఒక అమరిక, ట్యాబ్‌కు ఒకటి, కంప్యూటర్‌కు ఒకటి. తెర వెడల్పు ఇంత ఉంటే ఇలా చూపించు, అంత ఉంటే అలా చూపించు అని రాసే షరతులను ఈ పనిలో మీడియా క్వెరీలంటారు. ఎవరైనా 'మా ఫోన్‌లో వంకరగా కనపడుతుంది' అంటే ఆ ఫోన్ వెడల్పు కనుక్కుని దానికి మరో షరతు రాసేది. అది సరిపోయేది. ఇంకొకరు ఇంకోటి చెప్పేవారు. మరో షరతు. అలా షరతు మీద షరతు పేరుకుని, చివరికి ఏ వెడల్పులో ఏది నడుస్తుందో ఆమెకే సరిగ్గా తెలియకుండా పోయింది. పేజీ మాత్రం బాగానే కనపడుతూ వచ్చింది.

జూలైలో ముసురు పట్టింది. ఆ రోజు పొద్దున ఆఫీసుకు రాగానే తండ్రి దామోదర్‌రావు ఫోన్ చేశాడు. ఖానాపూర్ అవతల పెద్దవాగు దాటాక వాళ్ల ఊరు. అక్కడ ఆయనకు పొలాలున్నాయి.

"బిడ్డా, చాయ్ తాగి బయలెల్లుతున్నం. మీ అవ్వకు కండ్లు చూపియ్యాలె గద, డాక్టరు ఇయ్యాల్నే రమ్మన్నడు."

"గింత వానల ఎందుకు బాపూ? రేపు రారాదు?"

"ఏం ఫికర్ జెయ్యకు. నీ పేజీ ఉన్నది గద నాకు. దారిల సిగ్నల్ ఉండదని ఇంట్లనే తెరిచి పెట్టుకున్న. కారుల స్టాండుకు ఫోను అడ్డంగ పెట్టిన, మంచిగ కనపడుతుంది. పచ్చగుంటె పోత, ఎర్రగుంటె ఆగుత."

వెనక నుంచి తల్లి జానకీబాయి గొంతు వినిపించింది. "ఊళ్లె ఎవ్వరొచ్చినా గదే చూపెడుతుండు. నా బిడ్డె చేసిందని."

మధులిక నవ్వి ఫోన్ పెట్టేసింది. పైకి చెప్పకపోయినా ఆమెకు గర్వంగానే అనిపించింది.

అరగంట గడిచిందో లేదో నర్మద ఫోన్. వెనక వాన హోరు, మనుషుల అరుపులు.

"మధూ, పెద్దవాగుకు నేను పొద్దుగాల్నే ఎర్ర పెట్టిన గద?"

"ఆఁ అక్కా, ఎర్రగనే ఉన్నది. నా ముంగటనే ఉన్నది పేజీ."

"మరి పరశురాములు ఫోన్ల పచ్చగ ఎందుకున్నది? ట్రాలీ ఆటో నడుపుతడు చూడు, గాయన. పచ్చగున్నదని బండి దించబోయిండు. మావోళ్లు ఉరికి గుంజిండ్రు. ముంగటి టైరు నీళ్లల్లకు పోనే పోయింది. నేను నా కండ్లతోని చూసిన మధూ, పెద్దవాగు పక్కన పచ్చనే ఉన్నది. ఫొటో పంపిన, చూడు."

ఫొటో తెరిచింది. అడ్డంగా పట్టుకున్న పరశురాములు ఫోన్‌ను తీసిన ఫొటో. 'పెద్దవాగు' అన్న పేరుకు ఎదురుగా నిగనిగలాడుతూ పచ్చపట్టీ. దాటొచ్చు.

మధులిక తన కంప్యూటర్‌లో చూసింది, ఎర్ర. తన ఫోన్‌లో చూసింది, ఎర్ర. పక్క సీట్లోంచి సంపత్ తొంగిచూసి, "పాత పేజీ అయ్యుంటది, నెట్ స్లో ఉంటది గద గాడ," అన్నాడు. ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. బ్రౌజర్ విండో అంచును మౌస్‌తో పట్టుకుని నెమ్మదిగా లోపలికి జరపడం మొదలుపెట్టింది. తెర సన్నబడుతోంది. ఎర్ర. ఇంకాస్త. ఎర్రే. ఇంకాస్త జరపగానే ఒక పేరు విరిగి రెండు వరుసలైంది.

ఆ పొద్దున నర్మద కొత్తగా చేర్చిన పేరది: 'ఎగువ తండాకు పోయే దారిలో కొత్త కల్వర్టు'. పొడుగు పేరు. ఆ వెడల్పులో ఒక్క వరుసలో పట్టలేదు. అది రెండు వరుసలు కాగానే దాని కింది పేర్లన్నీ ఒక మెట్టు కిందికి జారాయి. పట్టీలు మాత్రం కదల్లేదు. పెద్దవాగుకు చెందిన ఎర్రపట్టీ కల్వర్టు పేరు పక్కనే ఉండిపోయింది. పెద్దవాగు జారివచ్చి, తన కింది పేరుకు చెందిన పచ్చపట్టీ పక్కన నిలబడింది.

నిలువు ఫోన్‌కు షరతు ఉంది. ట్యాబ్‌కు ఉంది. ఫోన్‌ను అడ్డంగా తిప్పితే వచ్చే ఆ నడిమి వెడల్పుకు ఆమె పెట్టిన కొలత చిన్న పేర్లకే సరిపోతుంది.

"అడ్డంగ..." అంది పైకే. తండ్రి మాట చెవిలో మోగింది. స్టాండుకు ఫోను అడ్డంగ పెట్టిన.

తండ్రికి ఫోన్ కలిపింది. అందుబాటులో లేదని ఆడగొంతు చెప్పింది. తల్లి ఫోన్‌కు చేసింది. అదే మాట. మళ్లీ చేసింది. ఆ వెంటనే నర్మదకు చేసింది.

"అక్కా, బాపువాళ్లు బయలెల్లిండ్రు. అవతలి నుంచి. కారుల ఫోను అడ్డంగ పెట్టుకున్నడు. పచ్చ చూసి దించుతడు."

"మావోళ్లంత ఇవతలి గట్టునే ఉన్నరు మధూ. అవతలికి పోరాదు. కారు కనపడితె అరుస్తరు, చేతులూపుతరు. గీ వానల అవతలికి కనపడుతదో లేదో చెప్పలేను."

సంపత్ కుర్చీ జరుపుకొచ్చి కూర్చున్నాడు. "గా ఒక్క సైజుకు ఇంకో రూల్ వెయ్. ఐదు నిమిషాల పని," అన్నాడు.

ఆమె కూడా ముందు అదే చేసింది. చేతికి అలవాటైన పని. ఆ వెడల్పుకు వరుస ఎత్తు పెంచింది. ఎర్రపట్టీ వచ్చి పెద్దవాగు పక్కన నిలబడింది. సంపత్ ఊపిరి పీల్చుకున్నాడు. మధులిక మాత్రం విండో అంచును వదల్లేదు. ఇంకొంచెం జరిపింది. పేరు మూడు వరుసలైంది, మళ్లీ అన్నీ జారాయి. అటువైపు జరిపింది. నర్మద బడిలో వాడే ట్యాబ్ వెడల్పు దగ్గర, అప్పటిదాకా బాగున్నది కాస్తా చెడిపోయింది. అక్షరాలు పెద్దవి చేసి చూసింది. ఎక్కడి పట్టీలు అక్కడ లేవు.

ఆమెకు అప్పుడు నిజంగా భయం పట్టుకుంది. ఇది ఒక్క ఫోన్ సంగతి కాదు. ఇన్నాళ్లూ తాను చూసిన వెడల్పుల్లో మాత్రమే పేజీ నిజం చెప్తోంది. చూడని వెడల్పులు ఎన్ని ఉన్నాయో, ఎవరి చేతుల్లో ఉన్నాయో, ఈ గడియలో ఎవరు ఏ వాగు ముందు నిలబడి పచ్చరంగు చూస్తున్నారో ఆమెకు తెలియదు.

"అన్నా, పేజీ తీసేద్దాం," అంది.

"తీసేస్తె మొత్తానికే తెలువది గద?"

"తప్పు చెప్పుడుకన్న చెప్పకపోవుడే నయం. తీసెయ్ అన్నా."

పేజీ తీసేసి, ఆ చోట ఒక్క మాట పెట్టారు. 'అన్ని దారులూ మూసినట్టే అనుకోండి. ఏ వాగూ దాటకండి.' తెర ఎంతున్నా పెద్ద అక్షరాలతో కనపడుతుంది. కానీ పొద్దున ఇంట్లోనే పేజీ తెరిచి పెట్టుకుని, సిగ్నల్ లేని దారిన పోతున్న ఫోన్‌కు ఆ మాట చేరదు. అది ఆమెకు తెలుసు. తెలిసీ తండ్రికి ఫోన్ చేస్తూనే ఉంది.

కాసేపటికి నర్మద గొంతు మళ్లీ వచ్చింది. ఈసారి ఏడుపు, కోపం కలిసిపోయి ఉన్నాయి.

"పేజీ తీసేస్తె ఎట్ల మధూ? అందరు నాకే ఫోన్ జేస్తుండ్రు. ఒక్కటి పెట్టెయ్యంగనె ఇంకోటి. అంతయ్య అని రైతు, గాయన్ను పాము కరిసిందట. పొలంల. ట్రాక్టర్ల ఏసుకొని దవాఖానకు తెస్తుండ్రు. ఏ దారి బాగున్నదని అడుగుతుండంగనె లైను కట్ అయింది. మల్ల కలుస్తలేదు. కల్వర్టు దారి మంచిగున్నది, గది చెప్పకముందే పోయింది లైను. గాళ్లు మీ పేజీ చూస్తె అన్నీ మూసినట్టు ఉన్నది!"

మధులిక కళ్లు మూసుకుంది. పేజీ ఉంటే ఒకరికి ప్రమాదం, లేకపోతే ఇంకొకరికి.

"మొత్తం మల్ల రాస్త," అంది.

"ఇప్పుడా?" సంపత్ గొంతు పెంచాడు. "కొత్తది పడిపోతె? టెస్ట్ జెయ్యకుంట ఎట్ల పెడ్తవ్?"

"పాతదాన్ని నేను టెస్ట్ చేసిన అన్నా. చూసినవ్ గద ఎట్లున్నదో."

తెర వెడల్పులకు రాసిన పాత షరతులన్నీ ఆమె చెరిపేసింది. అన్నాళ్లు పోగుచేసిన వరుసలు ఒక్కసారిగా మాయమవుతుంటే, ఆసరా పట్టుకున్న గోడ కూలిపోతున్నట్టు అనిపించింది. తర్వాత మొదటి పనిగా వాగు పేరునూ దాని పట్టీనీ విడివిడి వరుసల్లోంచి తీసి ఒకే పెట్టెలో కట్టేసింది. పేరు రెండు వరుసలైనా ఐదు వరుసలైనా పెట్టె పొడుగవుతుంది, పట్టీ మాత్రం ఆ పెట్టె దాటి పోలేదు. అప్పుడు ఆ పెట్టెలన్నిటికీ కలిపి ఒకే మాట చెప్పింది: మీలో ఒక్కొక్కటి కనీసం ఇంత వెడల్పుండాలి, చోటుంటే పక్కపక్కన నిలబడండి, లేకపోతే కిందికి దిగండి, తెరే మీకన్నా సన్నగా ఉంటే తెరంత సన్నబడండి. అక్షరాలకూ అంతే. ఇంతకన్నా చిన్నవి కావొద్దు, అంతకన్నా పెద్దవి కావొద్దు, మధ్యలో తెరను బట్టి మీరే సర్దుకోండి. ఎత్తు కొలతలు ఎక్కడా పెట్టలేదు. చోటు చాలని అక్షరాలను దాచమని కూడా రాయలేదు. ఏ ఫోన్ ఎంత వెడల్పో కనుక్కునే పని ఆమెకిక లేదు. ఉన్న చోటును బట్టి పెట్టెలే సర్దుకుంటాయి. పేజీని కాగితం మీద అచ్చువేసి పంచాయతీ గోడకు అంటించడానికి రాసిన షరతు ఒక్కటే మిగిలింది.

రాస్తున్నంతసేపూ కిటికీ అద్దం మీద వాన కొడుతూనే ఉంది. ఆ చప్పుడు ఆగితే బాగుండుననిపించింది. ఫోన్ మోగితే బాగుండుననిపించింది, మోగితే ఏం వినాలో అనీ అనిపించింది. రెండుసార్లు ఒకే అక్షరం తప్పు కొట్టింది. సంపత్ ఆఫీసులో ఉన్న ఫోన్లన్నీ తెచ్చి బల్ల మీద పేర్చాడు.

విండో అంచును పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు జరిపింది. పెట్టెలు మూడు పక్కపక్కన నిలబడ్డాయి, రెండయ్యాయి, ఒకటయ్యాయి. ఎక్కడ ఆపినా పెద్దవాగు ఎర్ర. అక్షరాలు రెండింతలు చేసింది. ఎర్ర. సంపత్ ఒక్కో ఫోన్‌నూ నిలువుగా, అడ్డంగా తిప్పి చూస్తూ, "ఎర్ర... ఎర్రనే... గీంట్ల గూడ ఎర్రనే," అంటూ పోయాడు.

"పెట్టు," అన్నాడు చివరికి.

ఆమె మీట నొక్కింది. నొక్కాక కూడా వేలు అక్కడే ఉంచింది, తీస్తే ఏదో జరుగుతుందన్నట్టు.

మొదట వచ్చిన ఫోన్ నర్మదది. "చెరువుకట్ట మీద సిగ్నల్ తాకిందట ట్రాక్టరోళ్లకు. పేజీ వచ్చింది, కల్వర్టు పచ్చగ చూసి అటే మలిపిండ్రు. ఇగో, నా ముంగటికెల్లి పోతున్నరు. అంతయ్య కండ్లు తెరిచే ఉన్నడు."

"మా బాపు అక్కా?"

"కారు కనపడలే మధూ. ఎవ్వరికి కనపడలే."

కనపడలేదంటే రాలేదనా? వచ్చి కొట్టుకుపోయిందనా? ఆ రెండో మాట మనసులోకి రాగానే మధులిక మళ్లీ తండ్రి నంబరు కలిపింది. సంపత్ మంచినీళ్లు తెచ్చి పెట్టాడు. తాగలేకపోయింది. పెద్దవాగు ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు. వానాకాలం ఎర్రమట్టి నీళ్లు చెట్లను వేళ్లతో సహా ఎలా తిప్పుకుంటూ పోతాయో తెలుసు. తెల్లకారు ఒకటి అలా తిరుగుతున్నట్టు కళ్ల ముందు మెదిలితే తల విదిలించుకుంది. అది మళ్లీ వచ్చింది. ఆ కారు లోపల స్టాండుకు ఫోన్, ఫోన్‌లో పచ్చరంగు.

మధ్యాహ్నం దాటింది. వాన కాస్త తగ్గింది. తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఆమె ఎత్తలేకపోయింది. సంపతే ఎత్తి, విని, ఫోన్‌ను ఆమె చెవి దగ్గర పెట్టాడు.

"మధూ!" తల్లి గొంతు. "ఊళ్లెనె ఉన్నం బిడ్డా. వాపసు వచ్చినం. టవరు పోయింది, గిప్పుడే ఎవలదో ఫోను కలిసింది."

మధులికకు ఏడుపు వచ్చింది.

"ఏడువకు. మీ బాపుకు జెప్పు నువ్వు. వాగు గంత గనం వస్తుంటె, పచ్చగున్నది ఏం గాదని దించుతుండు. నీళ్లు తలుపుల్లకెల్లి నా కాళ్ల మీదికి వచ్చినయ్. నేను తలుపు తీసి దిగిన. నువ్వు పోతె పో, నేను రాను అన్న. మోకాళ్ల లోతు నీళ్లల్ల నిలవడి లొల్లి వెట్టిన. అప్పుడు ఎనుకకు తీసిండు. నీళ్ల రంగు చూడకుంట ఫోను రంగు చూసుడేంది?"

తండ్రి ఫోన్ అందుకున్నాడు. గొంతు చిన్నబోయి ఉంది. "పచ్చగనే ఉండె బిడ్డా. నేను సరిగ్గనే చూసిన."

"నువ్వు సరిగ్గనే చూసినవ్ బాపూ," అంది మధులిక. "పేజీయే తప్పు. నేను చేసిన తప్పు."

ఇంటి రేకుల మీద చినుకులు పడుతున్న చప్పుడు ఫోన్‌లో వినిపించింది. ఆయన, "తిన్నవా?" అని అడిగాడు.

కొత్త పేజీ ఆయన ఫోన్‌ను చేరనే లేదు. ఆయన్ను ఆపింది జానకీబాయి. ఆ సంగతి మధులిక తర్వాత ఎన్నో రోజులు తలుచుకుంది. అంతయ్య నాలుగు రోజులకు దవాఖాన నుంచి ఇంటికి వచ్చాడని తెలిసినా ఆ తలపు పోలేదు. నిద్రలో ఆమెకు రంగులు జారిపోయేవి.

ముసురు వెలిశాక ఖానాపూర్ వెళ్లింది. నర్మద బడి వరండాలో బల్ల వేయించి, ఊళ్లవాళ్లను ఫోన్లు తెచ్చి చూపించమంది. అద్దాలు పగిలినవి, అక్షరాలు సగం తెర మింగేంత పెద్దగా పెట్టుకున్నవి, మడిచిపెట్టే కొత్తరకంవి, అన్నీ వచ్చాయి. మధులిక ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని పేజీ తెరిచి, పేరుకూ పట్టీకీ మధ్య వేలుపెట్టి చూసింది. అన్నీ సరిగ్గా ఉన్నా ప్రతి ఫోన్‌నూ అడ్డంగా తిప్పి మరోసారి చూసింది.

వరస చివర్న దేవవ్వ అనే ముసలామె వచ్చింది. మనవరాలి ఫోన్ పట్టుకొచ్చింది. పేజీ అంతా పైనుంచి కిందికి చదివించుకుని, "గిండ్ల మా ఒర్రె లేదేంది?" అని అడిగింది.

"ఏ ఒర్రె అవ్వా?"

"మా వాడకట్టు ఎనుకది. చిన్నదే. వానొస్తె గాని కనపడది. పోయినేడు నా మేకపిల్ల గండ్లనే కొట్టుకపోయింది."

నర్మదకు కూడా ఆ పిల్లవాగు గుర్తు లేదు. చూసి చేర్చుదామని ముగ్గురూ బయల్దేరారు. ఇళ్లు దాటాక తుప్పల మధ్య సన్నగా పారుతోంది. నీళ్లు తేటగా ఉన్నాయి, అడుగున గులకరాళ్లు కనపడుతున్నాయి. నర్మద చీర కాస్త పైకి పట్టుకుని దాటేసింది. దేవవ్వ చెప్పులు కూడా విప్పకుండా దిగింది.

మధులిక ఒడ్డునే ఆగిపోయింది. చీలమండ దాటని నీళ్లు. ఆమెకు తెలుసు. అయినా కాలు ముందుకు పడలేదు.

"ఏమైంది బిడ్డా?"

"ఏం లేదవ్వా. కొంచెం ఆగు."

దేవవ్వ ఒర్రె మధ్యలో నిలబడి ఎదురుచూసింది. కాసేపయ్యాక వెనక్కి వచ్చి, తడిచేత్తో ఆమె మణికట్టు పట్టుకుంది.